అద్దానికి ఆ చివర

"ఊపిరి బిగబట్టు," అన్నాడు మేస్త్రి.

ఆవిడ ఊపిరి బిగబట్టింది. బల్ల మీద పాత దుప్పటి, దుప్పటి మీద మనిషెత్తు అద్దం, అద్దం మీద కొయ్య స్కేలు, స్కేలు రెండు చివర్లా ఆవిడ రెండు చేతులు. పెళ్లయిన కొత్తలో ఆయన నేర్పిన పని ఇది. స్కేలు కదలకూడదు, ఊపిరి కదలకూడదు, వీలైతే మనసు కూడా కదలకూడదని అప్పుడు చెప్పాడు. మొదటి రెండూ ఆవిడకి వారంలో పట్టుబడ్డాయి. మూడోది ఇప్పటికీ చేతకాలేదు. కళ్లార్పకుండా స్కేలు నొక్కి పట్టుకుని, స్టవ్వు కట్టేసి వచ్చానా లేదా అని ఆలోచిస్తూనే ఉంటుంది.

మేస్త్రి కట్టర్ మొనని కిరోసిన్‌లో ముంచి, అద్దం అవతలి అంచున ఆనించి, తన వైపుకి లాగాడు. కొత్త గుడ్డ చింపినట్టు సన్నటి చప్పుడు. ఆ గీత ఒక్క ఊపులో, ఒక్క ఊపిరిలో అయిపోవాలి. మధ్యలో ఆగితే అద్దం తనకి ఇష్టమొచ్చిన దారిన విరుగుతుంది. ఈ రోజు ఇంకా జానెడు గీత మిగిలి ఉండగానే ఆయన ఊపిరి వదిలేశాడు. చెయ్యి మాత్రం ఆగలేదు. గీత చివరిదాకా వచ్చింది.

"కిరోసిన్ ఘాటు," అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

మేస్త్రి గీత కిందకి స్కేలు జరిపి రెండు వైపులా అరచేతులతో నొక్కాడు. టక్కుమని అద్దం రెండైంది. వెంటనే తలెత్తి భార్య ముఖంలోకి చూశాడు. ఇన్నేళ్లలో ఎన్ని అద్దాలు కోశాడో లెక్కలేదు గానీ, కోసిన ప్రతిసారీ ఆవిడ చూసిందా లేదా అని చూసుకుంటాడు. అదొక్కటీ ఆవిడకి విసుగు పుట్టించలేదు.

"వెన్నముద్ద," అన్నాడు.

"మీరు కోస్తే రాయైనా వెన్నే," అంది. అనకపోతే పూటంతా మూతి ముడుచుకుని ఉంటాడు.

మేస్త్రి పొట్టి, గుండ్రటి మనిషి. అరచేతుల నిండా ఎప్పుడో మానిన తెల్లటి గీతలు, చెవి వెనక పెన్సిలు, పెదాల మీద ఎప్పుడూ ఏదో ఒక గొప్ప. ఆవిడ ఆయనకన్నా జానెడు పొడవు, గెడకర్రలా సన్నం. ఇద్దరూ పక్కపక్కన నడుస్తుంటే పది అంకె నడిచొస్తున్నట్టు ఉంటుందని బజారులో నవ్వుకునేవారు. మేస్త్రి ఆ మాటకి ఏనాడూ కోపగించుకోలేదు. సున్నా పక్కన లేకపోతే ఒకటికి విలువేముందని తిరిగి అడిగేవాడు.

ఈమధ్య ఆయనకి ఒంట్లో బాగుండటం లేదు. ఆయన ఒప్పుకోడు. ఛాతీలో బిగదీసినట్టుంటే గ్యాస్ అన్నాడు. దవడ లాగితే పన్ను అన్నాడు. ఎడమ భుజం బరువెక్కితే దిండు ఎత్తుగా ఉందని దాన్ని మార్పించాడు. ఒక్కో నొప్పికి ఒక్కో దోషిని పట్టుకుని తను మాత్రం చేతులు దులుపుకున్నాడు. పక్క వీధిలో కాపురముంటున్న కూతురు వచ్చినప్పుడల్లా డాక్టరమ్మకి చూపించుకోమని పోరుతుంది. ఆవిడా పోరుతుంది. మేస్త్రి దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది.

"నడిస్తే వస్తోంది, ఆగితే పోతోంది. పోయేది జబ్బెలా అవుతుందే? జబ్బయితే ఉండాలి కదా."

తను పట్టిన కుందేలుకి మూడే కాళ్లన్న మనిషితో ఎంతసేపని వాదిస్తుంది. ఓ సోడా కొట్టించి తెచ్చిచ్చేది. తాగి, గట్టిగా త్రేన్చి, అదే వైద్యమన్నట్టు చూసేవాడు.

ఆ రోజు అద్దం లెక్కల మాస్టారింటికి. మాస్టారు ఉద్యోగం నుంచి దిగిపోయి, మనవడితో బంతాట మొదలుపెట్టి, స్వయంగా తనే విసిరి హాలు కిటికీ పగలగొట్టుకున్నారు. నేరం మాత్రం మనవడి మీద పెట్టారు. ఇల్లు మూడో అంతస్తు. లిఫ్టు ఉంది గానీ అంత పెద్ద అద్దం అందులో పట్టదు. మెట్ల మీదే మోయాలి.

అద్దాన్ని బండి మీద పంపడం మేస్త్రికి ఇష్టముండదు. గతుకుల్లో అద్దం బెదురుతుందంటాడు. దగ్గరిదైతే ఎప్పుడూ చేతుల మీదే. కింది అంచుకి చీల్చిన రబ్బరు గొట్టం తొడిగి, ఒక చెయ్యి కింద, ఒక చెయ్యి పక్కన ఆనించి, ఆయన ముందు, ఆవిడ వెనక. మధ్యలో నిలువునా అద్దం. అలా నడిచేటప్పుడు మాటలక్కర్లేదు. ఆయన కొంచెం వెనక్కి నెడితే ఆగమని, కొంచెం ముందుకి లాగితే తొందరగా రమ్మని. ఆయన అడుగు తడబడినా, తుమ్మొచ్చినా, ఎవరినైనా చూసి నవ్వినా ఆవిడకి అద్దంలోంచి చేతికి తెలుస్తుంది. పక్క మీద పక్కన పడుకున్నప్పటికంటే అద్దం మోస్తున్నప్పుడే ఆయన ఆవిడకి ఎక్కువ తెలుసు.

బయల్దేరిన కాసేపటికి బేకరీ దగ్గర వెనక్కి నెట్టాడు. ఆవిడ ఆగింది.

"చూడు, ఎప్పుడు బిగించిన అద్దం ఇది. ఇంకా ఎలా మెరుస్తోందో."

"చూశాను. పోయినసారీ చూశాను."

"మళ్లీ చూడు. తప్పులేదు."

కాకి పిల్ల కాకికి ముద్దు. ఇదివరకు బజారు దాటేలోపు ఒక్కచోటో రెండుచోట్లో ఇలా ఆగి తన పనితనం తనే చూసుకుని మురిసిపోయేవాడు. ఈ మధ్య ఏ కిటికీనీ వదలటం లేదు. చెప్పుల కొట్టు దగ్గర ఆగాడు. మందుల షాపు దగ్గర ఆగాడు. మీ నాన్నకి వయసు పైబడుతున్న కొద్దీ సొంత డబ్బా ఎక్కువైందని ఆవిడ కూతురితో చెప్పి, ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు కూడా.

బజారు చివర గడియారాల కొట్టు దగ్గర మళ్లీ వెనక్కి నెట్టాడు. ఈసారి నెట్టడం మెత్తగా లేదు. అద్దం అదిరింది.

ఆవిడ ఆగి, ఆ కొట్టు కిటికీ వైపు చూసి తెల్లబోయింది. అది ఆయన బిగించింది కాదు. బజారుకి అవతలి కొసన ఇంకో అద్దాల కొట్టు ఉంది. అతను పెట్టిన పుట్టీలో ఎప్పుడూ బుడగలుంటాయని మేస్త్రి అతనికి బుడగల మేస్త్రి అని పేరు పెట్టాడు. ఆ పేరు ఊరంతా పాకింది. ఈ కిటికీ అతనిది. దీని ముందు నుంచి పోయిన ప్రతిసారీ మేస్త్రి ముఖం తిప్పుకుంటాడు, లేదా నలుగురూ వినేలా ఓ మాట విసురుతాడు.

"బాగానే బిగించాడు," అన్నాడు మేస్త్రి.

ఆవిడ చేతిలో పట్టు జారబోయింది. పుట్టి బుద్ధెరిగాక ఆ నోట ఆ మాట రాలేదు. ఆవిడ తల పక్కకి వంచి అద్దంలోంచి ఆయన ముఖం చూసింది. కళ్లు కిటికీ వైపే ఉన్నాయి గానీ దేన్నీ చూడటం లేదు. పెదాలు బూడిద రంగుకి తిరిగాయి. పళ్లు బిగపట్టి ఉన్నాడు. నుదుటి మీది చెమట కనుబొమ్మల్లోకి కారుతోంది.

బేకరీ గుర్తొచ్చింది, చెప్పుల కొట్టు, మందుల షాపు, నిన్నటివీ మొన్నటివీ అన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఆయన ఎక్కడా అద్దం చూడటానికి ఆగలేదు. నొప్పి వస్తే ఆగాడు. ఆగిన చోట ఏ కిటికీ ఉంటే దాన్ని పొగిడాడు. ఈ రోజు పాపం, ఎవరి కిటికీయో చూసుకునే ఓపిక కూడా లేకపోయింది.

"దించుదాం కాసేపు," అంది.

గడియారాల కొట్టు గోడకి అద్దం ఆనించి, ఆయన్ని అరుగు మీద కూర్చోబెట్టింది. కొంగుతో ముఖం తుడిచింది. కొద్దిసేపటికి పెదాలకి రంగొచ్చింది. ఓ త్రేన్పొచ్చింది. ఆయన లేచి నిలబడి ఛాతీ చరుచుకున్నాడు.

"చూశావా? పోయింది. గ్యాస్ అని చెబితే వినవు."

"డాక్టరమ్మ దగ్గరికి వెళ్దామండీ. ఈ సందు దాటితే వచ్చేస్తుంది."

"ముందు మాస్టారి కిటికీ. వానొస్తే ఆయన హాలంతా చెరువవుతుంది. నీకు ఓపిక లేకపోతే చెప్పు, ఆ టీ కొట్టతన్ని పిలుస్తాను. వెనక పట్టుకోవడానికి ఎవరైనా పర్లేదు."

ఎవరైనా పర్లేదన్న మాట చివుక్కుమనిపించింది గానీ, ఇప్పుడు దానికి బాధపడే తీరిక లేదు. ఆవిడకి మూడంతస్తుల మెట్లు కనిపిస్తున్నాయి. ఆ మెట్లు ఎక్కితే ఈ మనిషి దిగడని ఆవిడకి ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. బతిమాలితే వినడు. ఏడిస్తే నవ్విస్తాడు. తను పట్టనంటే టీ కొట్టతను పడతాడు. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించింది.

"పదండి. ఈసారి ముందు నేను పట్టుకుంటాను."

మేస్త్రి సరేనన్నాడు. పెళ్లయినప్పటి నుంచీ ముందు చివర ఎవరికీ ఇవ్వని మనిషి, ఒక్క మాటైనా అనకుండా వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. ఆ సరే విన్నాక ఆవిడకి ఇంకా భయమేసింది.

కింది చేతిని బాగా లోపలికి జరిపి, బరువు తన వైపుకి లాక్కుని, ఆవిడ మెల్లగా నడిచింది. సందు మొదట్లో మాస్టారి ఇంటికి ఎడమకి తిరగాలి. ఆవిడ కుడికి తిరిగింది.

"ఏమే, ఎడమ."

ఆవిడ నడుస్తూనే ఉంది.

"ఎడమంటుంటే. చెవుల్లో దూది పెట్టుకున్నావా?"

"నాకు ఎడమా కుడీ బాగానే తెలుసు. మీరు మాట్లాడకుండా నడవండి. ఆయాసం వస్తుంది."

మేస్త్రికి విషయం అర్థమైంది. వెనక్కి లాగాడు. ఆవిడ ఆగలేదు. ఇంకొంచెం లాగితే అద్దం వంగుతుంది, వంగితే పగులుతుంది. అది ఆయనకి ఆవిడకంటే బాగా తెలుసు.

"వదిలేస్తున్నా," అన్నాడు.

"వదలండి చూద్దాం."

అద్దాన్ని చేజార్చిన చెడ్డపేరు మేస్త్రికి ఈనాటివరకూ లేదు. చచ్చినా వదలడు. ఆ సంగతి తెలిసే ఆవిడ ఈ సాహసం చేసింది. ఆలుమగలిద్దరూ అద్దానికి చెరో చివర, ఒకరు లాగుతూ ఒకరు గొణుగుతూ, వీధిలో ఊరేగుతున్నారు. కూరగాయల బండావిడ తక్కెడ కింద పెట్టి మరీ చూసింది.

"ఏం మేస్త్రీ, డాక్టరమ్మ గారి కిటికీ పగిలిందా?"

పెళ్లాం తనని ఆసుపత్రికి ఈడ్చుకుపోతోందని నడివీధిలో ఏ మగాడు చెప్పుకుంటాడు.

"ఆఁ... పెద్ద కిటికీ," అన్నాడు మేస్త్రి. "అర్జెంటంట. నేనే రావాలంట."

నాలుగడుగులు వేశాక గొంతు తగ్గించి, "ఎన్ని అబద్ధాలాడిస్తావే నా చేత," అన్నాడు.

ఆవిడకి నవ్వాగలేదు. కళ్లలో నీళ్లూ ఆగలేదు. వెనక ఉన్న మనిషికి ఆ రెండూ కనబడవు. కానీ అద్దం వణికింది.

"బరువంతా నువ్వే లాక్కున్నావు," అన్నాడు కాస్త దూరం పోయాక. "నా చేతిలో ఏమీ లేదు. ఊరికే పట్టుకుని వస్తున్నాను."

"అలాగే రండి. అదే చాలు."

ఆ మాటతో మేస్త్రి వెనక్కి లాగడం మానేశాడు. ఆవిడ అడుగులో అడుగు వేసుకుంటూ బుద్ధిగా వెంట వచ్చాడు.

డాక్టరమ్మ ఆసుపత్రంటే ఒక వరండా, రెండు గదులు. వరండాలో బల్లల మీద కూర్చున్నవాళ్లు కాళ్లు ముడుచుకుని దారిచ్చారు. కాంపౌండరు ఎదురొచ్చి అద్దాన్ని పైనుంచి కిందకి చూశాడు. అలికిడికి డాక్టరమ్మ కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని గుమ్మంలోకి వచ్చింది.

"అద్దాలవాళ్లని ఎవరు పిలిచారు? మా కిటికీలన్నీ బాగానే ఉన్నాయే."

"అద్దం మీకు కాదమ్మా," అంది ఆవిడ. "ఆ చివరున్న మనిషి మీకు."

వరండా అంతా గొల్లుమంది. మేస్త్రి కూడా నవ్వబోయి మధ్యలో ఛాతీ పట్టుకున్నాడు. డాక్టరమ్మ ముఖంలో నవ్వు పోయింది. తన వంతు కోసం కూర్చున్న ముసలాయన చటుక్కున లేచి అద్దం రెండో చివర అందుకున్నాడు. ఆయనా, ఆవిడా కలిసి దాన్ని వరండా గోడకి చేర్చేలోపే మేస్త్రి లోపల బల్ల మీద పడుకుని ఉన్నాడు.

డాక్టరమ్మ ఒక మాత్ర నమలమంది, ఇంకోటి నాలుక కింద పెట్టింది. ఛాతీకి తీగలు తగిలించింది. పెట్టెలోంచి కాగితం మెల్లగా బయటికొచ్చింది. అడిగిన ప్రతిదానికీ మేస్త్రి గ్యాస్, పన్ను, దిండు అని చెప్పుకొచ్చాడు. డాక్టరమ్మ కాగితం మీంచి కళ్లు తిప్పలేదు.

"ఆగితే పోతుందమ్మా," అన్నాడు చివరికి. "పోయేది జబ్బెలా అవుతుంది?"

"నడిస్తే వచ్చి ఆగితే పోయేదాన్ని చూసే ఎక్కువ భయపడాలయ్యా. గుండె నాకు రక్తం చాలడం లేదని చెప్పే పద్ధతి అది. మొదటిసారి వచ్చినప్పుడే రావాల్సింది. ఇప్పుడు నాలుగడుగులకే వస్తోందంటున్నావు. ఇలా చెమటలు పట్టినా, కూర్చున్నా తగ్గకపోయినా ఇంక ఎవరి కిటికీ చూసుకోకూడదు, ఉన్నచోట ఉండి కబురు పెట్టాలి." ఆవిడ వైపు తిరిగింది. "నువ్వూ తక్కువదానివి కాదు. ఇలాంటి మనిషి చేత బరువు మోయిస్తూ తెస్తావా? కూర్చోబెట్టి నాకు ఫోన్ చేస్తే బండి పంపేదాన్ని కదా."

"తప్పేనమ్మా. మూడంతస్తులెక్కి కిటికీ బిగించే తీరతానన్నాడు. బండి వస్తే ఎక్కేవాడు కాదు. మనిషి మాట వినడు. అద్దం మాటైతే వింటాడు."

డాక్టరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది. నవ్వు దాచుకోవడానికో ఏమో.

"గుండె కండ ఇంకా దెబ్బతిన్నట్టు కనబడటం లేదు," అంది. "నాళంలో ఎక్కడో ఇరుకుంది. ఈ రోజే పెద్దాసుపత్రిలో చేరాలి. అక్కడ చూసి సరిచేస్తారు. ఇది బాగయ్యేదే. మూడంతస్తులు ఎక్కి వచ్చుంటే మాత్రం నేను ఈ మాట చెప్పగలిగేదాన్ని కాదు."

బాగయ్యేదే అన్నది ఆవిడ చెవిలో పడింది. ఆ తర్వాతి మాటలేవీ పడలేదు. బయటికొచ్చి, వరండా స్తంభం చాటున నిలబడి, ముందు కూతురికి ఫోన్ చేసింది. తర్వాత మాస్టారికి చేసి, ఆ రోజుకి కిటికీ రాదని చెప్పింది. మాస్టారు విషయం విని కంగారుపడి, కిటికీకి దుప్పటి కట్టుకుంటామని, నెలైనా పర్లేదని, బంతి విసిరింది నిజానికి తనేనని కూడా చెప్పేశారు.

లోపలికి వచ్చేసరికి మేస్త్రి పైకప్పు చూస్తూ పడుకుని ఉన్నాడు.

"నొప్పి ఉందా?"

"లేదు. నాలుక కింద పెట్టిందేదో బాగా పనిచేసింది." చూపు ఆవిడ వైపు తిప్పి, "నాకు ఎప్పుడో అనుమానమొచ్చిందే," అన్నాడు. "గ్యాస్ కాదని."

"మరి చెప్పలేదే?"

"చెబితే బరువులు మోయొద్దంటారు. కొట్టులో కూర్చోబెడతారు. అప్పుడు మోయడానికి ఇంకెవరినో పెట్టుకోవాలి. నీకు ముందు ఎవడో నడుస్తాడు." "ఎవరైనా పర్లేదని ఇందాక అన్నాను చూడు. అది అబద్ధం."

ఆవిడ ఆయన చెవి వెనక పెన్సిలు తీసి జాకెట్టులో దోపుకుని, చెదిరిన జుట్టు సర్దింది.

"మీరు కొయ్యండి, నేను స్కేలు పట్టుకుంటాను. మోయడానికి బండి పెడదాం. అద్దం బెదిరితే నేను పక్కన నడిచి ధైర్యం చెబుతాను. సరేనా?"

మేస్త్రి నవ్వాడు. ఈసారి ఛాతీ పట్టుకోలేదు.

బండి వచ్చింది. స్ట్రెచర్ మీద పడుకుని వరండాలోంచి పోతూ మేస్త్రి బల్లల మీదివాళ్లకి పేరుపేరునా చెయ్యూపాడు. పడుకోవయ్యా అని డాక్టరమ్మ కేకేసినా ఆగలేదు. వీధిలో జనం చేరారు. కూరగాయల బండావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"పగిలిన కిటికీ మనదేలే," అన్నాడు మేస్త్రి ఆ బండావిడతో. "నాలుగు రోజుల్లో బాగు చేసిస్తారంట."

ఆవిడ లోపలికెక్కి ఆయన పక్కన కూర్చుంది. అలవాటు కొద్దీ రెండు చేతులూ ఒళ్లో ఊరికే తెరుచుకుని ఉన్నాయి. మేస్త్రి ఒకదాన్ని అందుకున్నాడు. ఆయన అరచేతిలోని పాత గాట్లు చేతికి తగిలాయి. పగటిపూట నలుగురిలో, మధ్యలో అద్దం లేకుండా ఆయన చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. తలుపు మూసుకుంది. బండి మలుపు తిరిగి వెళ్లిపోయింది.

కాంపౌండరు వరండాలోకి వచ్చి, ఎవరూ తగలకుండా అద్దానికి అటూ ఇటూ రెండు కుర్చీలు పెట్టాడు. ఎదుటి బల్ల మీద పిల్ల అందులో తన నీడ చూసుకుని నాలుక బయటపెట్టింది. ఎండ వరండాలోకి జరిగి అద్దం మీద పడింది. ఆ వెలుగులో దాని ఒక చివర పొడవాటి వేళ్ల చెయ్యి, రెండో చివర పొట్టి వేళ్ల చెయ్యి, చెమట అచ్చులు రెండూ చెరగకుండా అలాగే ఉన్నాయి.